జపాన్‌లో ఫ్రెండ్ ఇంటికి వెళ్తున్నారా? టోక్యో మీరే చూసుకోండి, పల్లెని మాత్రం వాళ్లనే చూపించమనండి

జపనీస్ ఫ్రెండ్ ఎవరైనా "మా ఊరు ఒకసారి రా, మా అమ్మానాన్నల్ని కలుద్దువుగాని" అని పిలిస్తే తేలిగ్గా తీసుకోకండి. అక్కడ ఇంటికి పిలవడం మన దగ్గరంత మామూలు కాదు. ఇళ్లు చిన్నవి, దగ్గరి స్నేహితుల్ని కూడా చాలామంది బయట ఏ రెస్టారెంట్‌లోనో కలుస్తారు. అలాంటిది పుట్టిన ఊరికి, కన్నవాళ్ల ఇంటికి రమ్మన్నారంటే అది మనసారా పిలిచిన పిలుపు. దానికి తగ్గట్టు వెళ్లి రావడం ఎలాగో చెప్తాను.

ప్లాన్ మొత్తానికి ఒకటే ఆధారం: టోక్యోని మీ అంతట మీరు చూసుకోండి, ఫ్రెండ్ సెలవులన్నీ పల్లె కోసం దాచండి. టోక్యోలో స్టేషన్ బోర్డులు, అనౌన్స్‌మెంట్లు ఇంగ్లీషులో కూడా ఉంటాయి, రైళ్లు నిమిషాల తేడాతో వస్తుంటాయి, పక్కన ఎవరూ లేకపోయినా నడిచిపోతుంది. పల్లెలో అలా కాదు. రోజుకి నాలుగైదు బస్సులే తిరిగే ఊళ్లు చాలా ఉన్నాయి, ఇంగ్లీషు వినపడదు, తెలిసినవాళ్లు తీసుకెళ్తేనే తెరుచుకునే తలుపులు ఎక్కువ. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు, ఫ్రెండ్ చేత రెండు మూడు రోజులు సెలవు పెట్టించి షిబుయా, అసకుసా తిరిగేసి, ఆ తర్వాత పల్లెకి టైమ్ లేదని వచ్చేస్తారు. నాకు అది చాలా బాధగా అనిపిస్తుంది.

టోక్యోలో పనిచేసేవాళ్లలో సొంతూరు వేరే చోట ఉన్నవాళ్లు బోలెడుమంది. ఇక్కడ ఉదాహరణకి నాగానో తీసుకుంటున్నాను, కొండలు, పొలాలు, పాత గుడి అన్నీ ఉన్న ప్రాంతం, టోక్యో నుంచి షింకన్‌సెన్‌లో (బుల్లెట్ రైలు) గంటన్నర లోపే. మీ ఫ్రెండ్‌ది ఉత్తరాన అకితా అయినా దక్షిణాన కగోషిమా అయినా పద్ధతి ఇదే.

మొదట తేదీలు, టికెట్టు ఆ తర్వాతే

టికెట్ చౌకగా దొరికిందని కొనేసి తర్వాత ఫ్రెండ్‌కి చెప్పకండి. ముందు తననే అడగండి, "నీకు శని ఆదివారాలకి ఒక రోజు కలిపి సెలవు ఎప్పుడు దొరుకుతుంది" అని. ఆ మూడు రోజులు పల్లెకి, దానికి ముందూ వెనకా కలిపి ఆరేడు రోజులు టోక్యోకి. మొత్తం తొమ్మిది పది రోజులు వస్తుంది, అది చాలు.

ఏప్రిల్ 29 నుంచి మే 5 వరకు గోల్డెన్ వీక్ అనే వరస సెలవులు, ఆగస్టు మధ్యలో ఒబోన్, డిసెంబర్ చివర నుంచి జనవరి 3 దాకా కొత్త సంవత్సరం. ఈ మూడు సమయాల్లో దేశమంతా సొంతూళ్లకి కదులుతుంది, రైళ్లలో సీట్లుండవు, హోటళ్ల రేట్లు ఆకాశంలో ఉంటాయి. అయితే ఒబోన్‌కి ఫ్రెండ్ కుటుంబమే రమ్మంటే మాత్రం వెళ్లండి. చనిపోయిన పెద్దల్ని తలుచుకునే రోజులవి, సమాధుల దగ్గర నీళ్లు పోసి అగరొత్తులు వెలిగిస్తారు, అందులో మిమ్మల్ని కలుపుకుంటున్నారంటే మీరు వాళ్లకి ఎంత దగ్గరో అర్థం చేసుకోవచ్చు. మిగతావాళ్లకి నా సలహా మే రెండో వారం తర్వాత, లేదా అక్టోబర్. మేలో కొండల మీద మంచు ఇంకా కనిపిస్తూ కింద పొలాల్లో నాట్లు పడుతుంటాయి. అక్టోబర్‌లో నాగానో యాపిల్స్ చెట్ల మీదే ఉంటాయి. జూన్ నుంచి జూలై మధ్య దాకా వానాకాలం, అది వదిలేయండి.

వీసా: ఎక్కడ ఉంటారో అదే రాయండి

భారతీయులకి టూరిజం వీసా ఒకటి, బంధువుల్నో స్నేహితుల్నో కలవడానికి వీసా ఇంకొకటి. ఎలక్ట్రానిక్ వీసా టూరిజానికే ఇస్తారు. ఫ్రెండ్ ఇంట్లో ఉంటూ హోటల్ అని రాయడం లాంటివి చేయకండి, ఇమిగ్రేషన్‌లో ఏం అడిగినా నిజం చెప్పగలిగేలా ఉండాలి. స్నేహితుల వీసాకి ఫ్రెండ్ నుంచి ఆహ్వాన పత్రం, రోజువారీ ప్లాన్, మీ ఇద్దరి పరిచయానికి రుజువులు (కలిసి దిగిన ఫోటోలు, మెయిల్స్ లాంటివి) కావాలి. ఖర్చు ఫ్రెండ్ భరిస్తానంటే తను హామీ పత్రంతో పాటు నివాస ధ్రువీకరణ, ఆదాయ పన్ను పత్రాలు కూడా పంపాలి, వాటికోసం తను వార్డు ఆఫీసు చుట్టూ తిరగాలి. అందుకే ఖర్చు మీదే అని మీ బ్యాంక్ స్టేట్‌మెంట్లు పెట్టుకోవడం ఇద్దరికీ సుఖం. రెండు మూడు నెలల ముందే మొదలుపెడితే టెన్షన్ ఉండదు.

సామాను, బహుమతులు, మందులు

సూట్‌కేస్ చిన్నది తీసుకోండి. టోక్యో అపార్ట్‌మెంట్‌లో పెద్ద సూట్‌కేస్ తెరిచి పెట్టడానికే చోటు ఉండకపోవచ్చు. ఫ్రెండ్‌ది ఒక్క గది ఇల్లయితే, తను రమ్మన్నా సరే, దగ్గర్లో చిన్న హోటల్ తీసుకుని సాయంత్రాలు కలవండి. కన్నవాళ్ల ఇంట్లో మాత్రం తప్పకుండా ఉండండి.

బహుమతులు రెండు రకాలు పట్టుకెళ్లాలి. ఒకటి ఫ్రెండ్ కుటుంబానికి, ఒకటి తన ఆఫీసుకి, ఎందుకంటే మీకోసం సెలవు పెట్టిన మనిషి ఆఫీసులో తలా ఒకటి పంచిపెట్టగలిగితే తనకి మర్యాదగా ఉంటుంది. విడివిడిగా ప్యాక్ చేసినవి, పాడవనివి చూడండి. జీడిపప్పు, అరకు కాఫీ పొడి, చేనేత తువ్వాలు బాగా పనికొస్తాయి. సెట్లు కొంటే నాలుగు ఉన్నవి వద్దు, అక్కడ ఆ అంకె మంచిది కాదంటారు. మాంసంతో చేసినవేవీ తీసుకెళ్లనివ్వరు. తాజా పండ్లు, కరివేపాకు లాంటి ఆకులు, విత్తనాలు పట్టుకెళ్లకండి.

మందుల విషయంలో జపాన్ చాలా గట్టిగా ఉంటుంది. సూడోఎఫెడ్రిన్ ఎక్కువ మోతాదులో ఉన్న జలుబు మాత్రలు, యాంఫెటమిన్ ఉన్న మందులు చీటీ ఉన్నా కుదరవు. కోడీన్ ఉన్న దగ్గు మందులకీ పరిమితి ఉంది. డాక్టరు రాసిన మామూలు మందులైతే నెల రోజులకి సరిపడా చీటీతో సహా పెట్టుకోవచ్చు, అంతకు మించితే ముందుగా అనుమతి తీసుకోవాలి.

దిగిన రోజు

కస్టమ్స్ వివరాలు విజిట్ జపాన్ వెబ్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ముందే నింపి క్యూఆర్ కోడ్ రెడీగా పెట్టుకోండి. ఫ్రెండ్‌ని ఎయిర్‌పోర్టుకి రమ్మనకండి, నరితా అయితే మరీను, అది టోక్యోలో లేదు, పక్కన చిబాలో ఉంది, తనకి రానూపోనూ సగం రోజు పోతుంది. నరితా నుంచి స్కైలైనర్ రైలెక్కితే నలభై నిమిషాల్లోపే టోక్యోలోని నిప్పోరి స్టేషన్, అక్కడ నుంచి ఏ వైపుకైనా రైలు దొరుకుతుంది. రెండో ఎయిర్‌పోర్టు హనేదాలో దిగితే ఇంకా దగ్గర. ట్యాక్సీ వద్దే వద్దు, ఆ డబ్బుతో రెండు రోజులు తిరగొచ్చు. సిటీ రైళ్లు రాత్రి పన్నెండు, ఒంటిగంట మధ్య ఆగిపోయి తెల్లవారుజామున మళ్లీ మొదలవుతాయి, కాబట్టి విమానం రాత్రి బాగా ఆలస్యంగా దిగేదైతే ఆ రాత్రి ఎయిర్‌పోర్టు దగ్గరే పడుకోండి.

స్టేషన్‌లో వెల్‌కమ్ సుయికా కార్డు తీసుకోండి, 28 రోజులు చెల్లుతుంది, రైళ్లకి, బస్సులకి, చిన్న చిన్న షాపుల్లో కూడా పనిచేస్తుంది. సెవెన్ ఇలెవెన్, పోస్టాఫీసు ఏటీఎంలలో మన కార్డుతో నగదు తీయొచ్చు. పల్లెకి వెళ్లేముందు వెయ్యి యెన్ నోట్లు, వంద యెన్ నాణేలు ఎక్కువగా ఉండేలా చూసుకోండి, ఎందుకో కింద చెప్తాను.

జేఆర్ పాస్ (జపాన్ రైల్వే రైళ్లలో కొన్ని రోజులు తిరగడానికి టూరిస్టులకిచ్చే పాస్) కొనాలా అని అందరూ అడుగుతారు. 2023 అక్టోబర్‌లో ఏడు రోజుల పాస్ 29,650 యెన్ నుంచి 50,000 యెన్‌కి పెరిగింది. టోక్యో నుంచి నాగానోకి షింకన్‌సెన్ టికెట్ ఒకవైపు ఎనిమిది వేల ప్రాంతం. లెక్క మీకే అర్థమవుతుంది, ఒక్క ఊరికి వెళ్లి వచ్చేవాళ్లకి పాస్ దండగ.

టోక్యో: పగలు మీది, సాయంత్రం ఇద్దరిది

యామనోతే లైన్ అని ఊరి చుట్టూ తిరిగే రైలుంది, 30 స్టేషన్లు, ఒక చుట్టుకి గంట. మొదటి రోజు దానిలో ఒక చుట్టు కొట్టేయండి, ఏది ఎటు ఉందో తెలిసిపోతుంది. అసకుసాలో సెన్సోజీ గుడికి పొద్దున్నే ఏడు లోపు వెళ్తే జనం తక్కువ. షింజుకులో టోక్యో ప్రభుత్వ భవనం 45వ అంతస్తు నుంచి ఊరంతా ఉచితంగా చూడొచ్చు, చలికాలం పొద్దున ఆకాశం శుభ్రంగా ఉంటే ఫుజీ కనిపిస్తుంది. మెయిజీ మందిరం చుట్టూ ఉన్న అడవి సహజంగా పెరిగింది కాదు, 1920లో పూర్తయిన ఆ మందిరం కట్టేటప్పుడు దేశం నలుమూలల నుంచి జనం ఇచ్చిన సుమారు లక్ష చెట్లు నాటారు. ఇవన్నీ మీరొక్కరే చూడగలరు.

సాయంత్రం ఫ్రెండ్ ఆఫీసు నుంచి వచ్చాక మాత్రం తన రోజువారీ చోట్లు చూపించమనండి. తను భోంచేసే కౌంటర్ హోటల్, వాళ్ల వీధి సూపర్‌మార్కెట్, పేటలోని స్నానాల ఇల్లు (టోక్యోలో 550 యెన్ దగ్గర ఉంటుంది), ఇవి ఏ గైడు పుస్తకమూ చూపించలేదు. శనివారం ఖాళీ ఉంటే ఇద్దరూ కలిసి యనకాలో నడవండి, 1923 భూకంపాన్నీ రెండో ప్రపంచ యుద్ధంలో బాంబుల్నీ చాలావరకు తట్టుకున్న పేట, పాత సందులూ చిన్న గుళ్లూ ఇంకా ఉన్నాయి.

శాకాహారులైతే ఒక మాట. దాషి అనే చారు దాదాపు అన్ని వంటల్లో ఉంటుంది, అది ఎక్కువగా ఎండబెట్టిన చేపతో చేస్తారు. కూరగాయల వంటకం అని కనిపించినదానిలో కూడా ఉండొచ్చు. "మాంసం తినను" అంటే సరిపోదు, "చేప, చేప రసం కూడా తినను" అని ఫ్రెండ్‌కి నెల ముందే చెప్పండి, తను ఇంట్లోవాళ్లకి చెప్తుంది. భోజనానికి కూర్చున్నాక చెప్తే రెండు రోజులు కష్టపడి వండిన ఆ తల్లి మనసు ఎంత నొచ్చుకుంటుందో ఆలోచించండి.

పల్లెకి బయలుదేరడం

సూట్‌కేస్ మోసుకెళ్లకండి. రెండు రోజుల బట్టలు చిన్న బ్యాగులో పెట్టుకుని, మిగతాది ఫ్రెండ్ ఇంట్లోనో హోటల్లోనో ఉంచండి. సామాను వేరే ఊరికి పంపాలంటే టక్యూబిన్ సర్వీసు ఉంది, కన్వీనియన్స్ స్టోర్‌లో ఇస్తే చాలా చోట్లకి మర్నాడే చేరుతుంది.

టోక్యో స్టేషన్‌లో రైలెక్కే ముందు ఇంట్లో పెద్దవాళ్లకి ఒక స్వీట్ బాక్స్ కొనండి. ఇంటినుంచి మీరు తెచ్చింది వేరు, ఇది వేరు. కగయాకి రైళ్లలో అన్నీ రిజర్వుడు సీట్లే, హకుతకా, అసమా రైళ్లలో రిజర్వేషన్ లేని బోగీలూ ఉంటాయి. నాగానో దాకా షింకన్‌సెన్ 1997లో వచ్చింది, మరుసటి ఏడాది అక్కడ జరిగిన శీతాకాల ఒలింపిక్స్ కోసం.

ఫ్రెండ్ వాళ్ల నాన్న కారేసుకుని స్టేషన్‌కి వస్తే సరే, లేకపోతే కారు అద్దెకి తీసుకోవచ్చు. మన ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ అక్కడ చెల్లుతుంది, బండ్లు కూడా మనలాగే ఎడమవైపే. కానీ డిసెంబర్ నుంచి మార్చి దాకా మంచు, ఐసు మీద నడపడం అలవాటు లేనివాళ్లు ముట్టుకోకండి. పెట్రోలు, టోల్ ఖర్చు మీరే పెట్టుకోండి, అడగకుండా ముందే ఇచ్చేయండి.

బస్సు ఎక్కాల్సి వస్తే చాలా చోట్ల వెనక తలుపు దగ్గర అంకె ఉన్న చిన్న కాగితం తీసుకోవాలి, ముందు బోర్డు మీద ఆ అంకె కింద ఛార్జీ పెరుగుతూ ఉంటుంది, దిగేటప్పుడు కాగితంతో సహా సరిగ్గా చిల్లర డబ్బాలో వేయాలి. నాణేలు దాచమన్నది ఇందుకే. ఇంకొకటి, రోడ్డు పక్కన మనిషి లేని కూరగాయల బడ్డీలుంటాయి, టమాటాలో దోసకాయలో సంచుల్లో పెట్టి పక్కన డబ్బా ఉంచుతారు, వంద యెన్ వేసి తీసుకోవాలి. వాటి దగ్గర ఆగకుండా మాత్రం వెళ్లకండి.

ఆ ఇంట్లో

గుమ్మం దగ్గర చెప్పులు విప్పి, వేళ్లు బయటి వైపు ఉండేలా తిప్పి పెట్టండి. లోపల స్లిప్పర్లిస్తారు, తతామి చాపల గదిలోకి మాత్రం అవి కూడా వద్దు. టాయిలెట్‌కి వేరే స్లిప్పర్లు, వాటితో హాల్లోకి రాకండి. బహుమతిని రెండు చేతులతో ఇవ్వండి, వాళ్లు వెంటనే విప్పకపోతే నచ్చలేదని కాదు.

స్నానం గురించి అందరూ కంగారు పడతారు. తొట్టెలో నీళ్లు కుటుంబమంతా ఒకరి తర్వాత ఒకరు వాడుతారు, అతిథికి ముందు అవకాశం ఇస్తారు. తొట్టె బయట కూర్చుని సబ్బు, షాంపూ అంతా శుభ్రంగా కడుక్కున్నాకే లోపలికి దిగాలి. లోపల సబ్బు వద్దు, బయటికొచ్చాక నీళ్లు వదిలేయొద్దు, మూత పెట్టేయండి. అరగంటకి మించి ఉండకండి, మీ తర్వాత ఇంకా ముగ్గురుంటారు.

పొద్దున పరుపు మడిచి పక్కన పెట్టండి. చెత్త ఏది ఏ డబ్బాలో వేయాలో అడిగి వేయండి, ప్లాస్టిక్, కాలేవి, సీసాలు, ఒక్కోదానికి ఒక్కో రోజు ఉంటుంది. భూకంపం వస్తే ఏం చేయాలో మొదటి రాత్రే అడగండి, ఎటు వెళ్లాలి, టార్చి ఎక్కడ అని. పోలీసుకి 110, అంబులెన్సుకి 119. చలికాలమైతే పాత ఇళ్లలో గదులు గడ్డకట్టినట్టు ఉంటాయి, అందరూ కొతత్సు అనే వేడి బల్ల కింద కాళ్లు పెట్టుకుని కూర్చుంటారు, రాత్రి కబుర్లన్నీ అక్కడే. అమ్మానాన్నలకి ఇంగ్లీషు రాదు, మీకు జపనీస్ రాదు, పర్వాలేదు. మీ ఇంటివాళ్ల ఫోటోలు, పెళ్లి ఫోటోలు ఒక పది ప్రింట్ తీయించి పట్టుకెళ్లండి, ఫోన్‌లో చూపించేదానికన్నా చేతికిచ్చే ఫోటోలతో మాటలు ఎక్కువ పుడతాయి.

ఊరు, చుట్టుపక్కల

ఇక్కడ మీరు లిస్టు ఇవ్వకండి. "నువ్వు చిన్నప్పుడు ఎక్కడెక్కడ తిరిగేదానివి" అని అడగండి. బడి, కాలువ, ఊరి మందిరం, సాయంత్రం ఐదింటికి ఊరంతా వినపడే లౌడ్‌స్పీకర్ పాట, నాట్ల సమయమైతే యంత్రం అందని మూలల్లో చేత్తో నాటే వరి. పొలంలో దిగమంటే దిగండి, మొహమాటపడకండి.

దానితోపాటు నాగానోలో మీరు అడిగితే బాగుంటుంది అనుకునేవి కొన్ని. జెంకోజీ గుడి ఏడో శతాబ్దం నాటిది, ఇప్పుడున్న ప్రధాన మందిరం 1707లో కట్టింది. మూలవిరాట్టుని ఎవరికీ చూపించరు. మందిరం కింద చీకటి దారి ఉంటుంది, చెయ్యి కనపడనంత చీకట్లో గోడ తడుముకుంటూ వెళ్లి ఒక తాళాన్ని ముట్టుకోవాలి. ముందు ఫ్రెండ్, తన వెనక మీరు, అలా వెళ్లండి. తెల్లవారుజామున పూజకి వెళ్తే ప్రధాన పూజారి దారిలో మోకరిల్లినవాళ్ల తల మీద జపమాల ఆనిస్తూ వెళ్తారు.

అక్కడ నుంచి చిన్న రైల్లో ఒబుసే. ఈ ఊరు నాకు చాలా ఇష్టం, దీనికి మీ ప్రయాణానికీ సంబంధం ఉంది కూడా. చిత్రకారుడు హొకుసాయ్ ఎనభై దాటిన వయసులో ఎడో (టోక్యో పాత పేరు) నుంచి ఇక్కడికి వచ్చింది తకాయ్ కోజాన్ అనే వ్యాపారి పిలుపు మీదే. ఆయన కోసం కోజాన్ ఒక పనిగది కట్టించాడు. ఆ రాకపోకల్లో గీసిన ఫీనిక్స్ పక్షి బొమ్మ గన్‌షోయిన్ గుడి పైకప్పు మీద ఇప్పటికీ ఉంది.

నడక ఇష్టమైతే తొగాకుషి కొండ మందిరం. రెండు కిలోమీటర్ల దారి, సగం దాటాక గడ్డి కప్పిన ఎర్ర ద్వారం, ఆ తర్వాత దాదాపు 400 ఏళ్ల దేవదారు చెట్ల వరస. ఆ ఊరి సోబా (బక్‌వీట్ నూడుల్స్) ప్రసిద్ధం, ముంచుకునే చారులో మాత్రం దాషి ఉంటుంది. దారిలో ఒయాకీ తినండి, ఆకుకూరో గుమ్మడికాయో వంకాయో లోపల పెట్టి కాల్చిన ఉండలు, లోపల ఏముందో అడిగి కొనుక్కోండి. ఎలుగుబంట్లు ఉన్న అడవులు కాబట్టి బ్యాగుకి గంట కట్టుకుని, ఒంటరిగా కాకుండా వెళ్లండి. మంచులో వేడినీళ్లలో కూర్చునే కోతులు చలికాలంలో జిగొకుదానిలో కనిపిస్తాయి, వేసవిలో వెళ్తే స్నానం చేస్తూ కనిపించకపోవచ్చు.

మత్సుమొతో కోట చూడాలంటే నాగానో నుంచి షింకన్‌సెన్ లేదు, మామూలు రైలే, అదే మంచిది. దారిలో ఒబాసుతే స్టేషన్‌లో రైలు కొండ వాలున ఆగుతుంది, కింద లోయంతా మెట్లు మెట్లుగా వరి మడులు. వీలైతే అక్కడ దిగి తర్వాతి రైలు దాకా ఉండండి. ఒక రోజులో ఇవన్నీ కుక్కకండి, రెండు చోట్లు చూసి సాయంత్రం వంటకి ఇంటికి చేరండి, వంటింట్లో కూరగాయలు తరిగి పెట్టండి.

తిరుగు ప్రయాణం

ఇంట్లో పెద్దవాళ్లు డబ్బు తీసుకోరు, ఇవ్వబోతే నొచ్చుకుంటారు. బదులుగా ఒక పూట సూపర్‌మార్కెట్ బిల్లు, వేడినీటి స్నానాల టికెట్లు, ఒక భోజనం మీరు కట్టేయండి. వచ్చేటప్పుడు వాళ్లు యాపిల్సో మిసోనో (పులియబెట్టిన సోయా ముద్ద) చేతిలో పెడతారు, బ్యాగులో ఖాళీ ఉంచుకోండి. తాజా పండ్లయితే ఇండియాకి తీసుకురాకుండా టోక్యోలో తినేయండి లేదా ఫ్రెండ్‌కిచ్చేయండి.

సూట్‌కేస్‌ని ఎయిర్‌పోర్టుకి టక్యూబిన్‌లో పంపాలంటే విమానానికి రెండు రోజుల ముందే ఇవ్వాలి. ఇంటికి చేరిన రోజే ఫ్రెండ్‌కి మెసేజ్, వారంలోపు వాళ్ల అమ్మానాన్నలకి ఉత్తరం, అందులో వాళ్లింట్లో దిగిన ఫోటోల ప్రింట్లు. జపనీస్ రాకపోతే నాలుగు వాక్యాలు ఫ్రెండ్ చేత రాయించుకుని మీ చేత్తో కాపీ చేయండి. తర్వాత ఎప్పుడు ఫోన్‌లో మాట్లాడినా మొదట ఆ ప్రయాణానికి మళ్లీ థ్యాంక్స్ చెప్పండి, అక్కడ అది అలవాటు, ఆర్నెల్ల తర్వాతైనా సరే.